క్వాంటమ్ ఆఫ్ సొలేస్: నీళ్ల దొంగతనం కథలో నీళ్లు ఎందుకు కనిపించలేదు?

శివారు ఆయకట్టు (రాజోలు వైపు):

సభ్యులందరికీ నమస్కారం. జేమ్స్ బాండ్ చిత్రాల వరుసలో 22వదిగా 2008లో వచ్చిన ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ గురించి అడగాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. అది విడుదలైనప్పుడు నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాను. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ‘క్యాసినో రాయల్’ను మూడుసార్లు చూసిన స్నేహితులం నలుగురం ఎంతో ఆశతో వెళ్లి, హాలు బయటికి వచ్చేసరికి కథ ఏమిటో ఒకరికొకరం చెప్పుకోలేకపోయాం. ఇంగ్లీషు సరిగా అందక అలా జరిగిందేమోనని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను. గత నెలలో ఇంట్లో మా నాన్నగారితో కూర్చుని మళ్లీ చూశాను. ఈసారి ప్రతి మాటా అర్థమైంది. నిరాశ మాత్రం అప్పటికంటే పెరిగింది, ఎందుకంటే ఆ సినిమా దేని గురించి తీశారో ఇప్పుడే తెలిసింది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. డొమినిక్ గ్రీన్ అనే పెద్దమనిషి పర్యావరణాన్ని కాపాడే సంస్థ ఒకటి నడుపుతున్నట్టు పైకి కనిపిస్తాడు. బొలీవియాలో పదవి పోగొట్టుకున్న ఒక సైనికాధికారిని మళ్లీ గద్దె ఎక్కిస్తానని, బదులుగా ఎందుకూ పనికిరాని ఎడారి ముక్క ఒకటి తనకు రాసిస్తే చాలని బేరం పెడతాడు. ఆ ఎడారి కింద చమురు ఉందని అమెరికా గూఢచారులు సహా అందరూ నమ్ముతారు. తీరా చూస్తే అక్కడ ఉన్నది నీరు. భూమి లోపల పారే నీటికి రహస్యంగా ఆనకట్ట కట్టి, పైన ఊళ్లు ఎండిపోయేలా చేసి, ఆ నీటినే రెట్టింపు ధరకు ఆ దేశానికి అమ్మాలన్నది అతని పన్నాగం. ప్రపంచాన్ని బూడిద చేస్తామని బెదిరించే పాత బాండ్ విలన్ల కంటే ఈ మనిషి నాకు ఎక్కువ భయం కలిగించాలి. కలిగించలేదు. నా ప్రశ్న అంతా ఇక్కడే ఉంది.

మాది పూర్తిగా శివారు. ధవళేశ్వరంలో బయలుదేరిన నీరు గన్నవరం దగ్గర వైనతేయ పాయను అక్విడెక్టు మీదుగా దాటి, దారి పొడవునా ఉన్న ఊళ్లన్నీ తడుపుకుని, మిగిలితే మా చేలకు వస్తుంది. బోరు వేస్తే పడేది ఉప్పునీరే. వేసవిలో కాలువలు కట్టేసేలోగా ఊరి మంచినీళ్ల చెరువు నిండకపోతే, మళ్లీ కాలువలు వదిలేదాకా ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుని కూర్చోవలసిందే. అందుకే సినిమాలో ఒకచోట మా నాన్నగారు కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు. బాండ్, కమిల్ అనే అమ్మాయి ఎడారిలోంచి నడిచి వస్తుండగా, ఎండిపోయిన కుళాయి చుట్టూ డబ్బాలు పట్టుకుని నిలబడిన ఊరి జనం కొద్ది క్షణాల పాటు కనిపిస్తారు. ఆయన నన్ను వెనక్కి తిప్పమన్నారు. రెండోసారి చూశాక, “ఈ ఊరివాళ్ల సంగతి తర్వాత వస్తుందా?” అని అడిగారు. రాదని చెప్పాను. ఆ తర్వాత ఆయన సినిమా మీద పెద్దగా దృష్టి పెట్టలేదు.

ఇంత బలమైన విషయం చేతిలో ఉండి కూడా ఈ చిత్రం ఎందుకు ఇలా తేలిపోయింది? అప్పట్లో జరిగిన రచయితల సమ్మె వల్ల అని కొందరు, దర్శకుడు మార్క్ ఫోర్‌స్టర్‌కు ఈ తరహా సినిమా కొత్త కావడం వల్ల అని కొందరు అంటారు. లేకపోతే ఒక గూఢచారి సినిమా నుంచి నేనే తగనిది ఆశిస్తున్నానా? సినిమా పని తెలిసినవారు, నీటి పని తెలిసినవారు ఇద్దరూ ఈ వేదికలో ఉన్నారు కనుక వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

ఎడిటింగ్ గది (భీమవరం, ప్రస్తుతం హైదరాబాద్):

మీ ప్రశ్న చదివి ఆ సినిమాను నిన్న రాత్రి మళ్లీ పెట్టుకుని చూశాను. పదిహేనేళ్లుగా ఎడిటింగ్ పనే చేస్తున్నవాడిని కనుక నా జవాబు అటువైపు నుంచే ఉంటుంది.

ముందు సమ్మె సంగతి. అది కల్పించిన సాకు కాదు. హాలీవుడ్ రచయితల సమ్మె 2007 నవంబరు 5న మొదలై 2008 ఫిబ్రవరి 12 దాకా సాగింది. స్క్రిప్టు రచయితల్లో ఒకరైన పాల్ హ్యాగిస్ తన ప్రతిని సమ్మె మొదలవడానికి కొద్ది గంటల ముందు అందజేశారు. చిత్రీకరణ జనవరిలో ఆరంభమైంది. అంటే షూటింగు మొదలైన రోజుల్లో సీను మార్చి రాయడానికి రచయిత దగ్గర లేడు. చేతిలో అస్థిపంజరం లాంటి స్క్రిప్టు మాత్రమే ఉండేదని, సన్నివేశాలు తిరగరాయడానికి తానే కూర్చోవలసి వచ్చిందని బాండ్‌గా నటించిన డేనియల్ క్రెయిగ్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో బాహాటంగా చెప్పుకున్నారు. మన దగ్గర కూడా సెట్లో మాటలు రాసుకునే అలవాటు ఉంది గాని, అక్కడ రచయిత పక్కనే కూర్చుని రాస్తాడు. నటుడు, దర్శకుడు కలిసి రాసుకున్నప్పుడు ఆ ఒక్క సీను నిలబడవచ్చు. దాని ముందు సీనుతో, తర్వాతి సీనుతో దానికి ఉండవలసిన ముడి మాత్రం వదులైపోతుంది.

అయితే నేను ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. రాత ఆగినా కత్తెర ఆగలేదు. ఈ చిత్రం నిడివి 106 నిమిషాలు. అప్పటిదాకా వచ్చిన బాండ్ చిత్రాలన్నిటిలోకీ ఇదే పొట్టిది. ‘క్యాసినో రాయల్’ 144 నిమిషాలు. పొట్టిగా ఉండటం తప్పు కాదు. కానీ ఆ 106 నిమిషాల్లో ప్రేక్షకుడి కన్ను ఒక్కచోట నిలబడే వ్యవధి చాలా తక్కువ. మొదటి కారు ఛేజింగే తీసుకోండి. గార్దా సరస్సు పక్కన సొరంగాలలో ముదురు బూడిదరంగు బాండ్ కారును వెంటాడుతున్న కార్లు కూడా ముదురు రంగువే. ఏ కారు ఏ వైపు నుంచి వస్తున్నదో తెలిసేలోపే షాట్ మారిపోతుంది. ఆ వెంటనే సియెనా నగరంలో గుర్రప్పందెం, నేల కింద నీటి మార్గాల్లో పరుగు, పైకప్పుల మీద దూకుళ్లు, చివరికి అద్దాల కప్పు పగిలి తాళ్లకు వేలాడుతూ తుపాకీ కోసం ఇద్దరూ చేతులు చాచే పోరాటం వస్తాయి. ఆ తాళ్ల పోరాటాన్ని నిన్న నేను నెమ్మదిగా, ఆగి ఆగి చూశాను. స్టంటు చేసినవాళ్లు ప్రాణం పెట్టి చేశారు. ఏ తాడు ఏ బరువుకు కట్టి ఉందో, ఎవరు కిందికి జారితే ఎవరు పైకి లేస్తారో మనకు ఒక్క స్థిరమైన షాట్‌లో ముందే చూపించి ఉంటే ఊపిరి బిగపట్టి చూసేవాళ్లం. అది తెలియకుండా ముక్కలు చేయడం వల్ల వాళ్ల కష్టమంతా గజిబిజిలో కలిసిపోయింది. మాట్ డేమన్ నటించిన బోర్న్ చిత్రాలకు పనిచేసిన డాన్ బ్రాడ్లీయే ఇక్కడ పోరాటాలు, ఛేజింగులు విడిగా తీసే సెకండ్ యూనిట్ దర్శకుడు. ఆ చిత్రాల వేగం బాండ్‌కు అప్పు తెచ్చారు గాని, అక్కడ ఆ వేగం వెనుక ఉన్న స్పష్టత వెంట రాలేదు.

మీ నాన్నగారు వెనక్కి తిప్పమన్న ఆ కుళాయి షాట్ దగ్గర నేను కూడా ఆగాను. దాన్ని నా బల్ల మీదికి ఇచ్చి ఉంటే ఎలా కట్ చేసేవాడినో చెబుతాను. కుళాయి మూతి మీద ఒక చుక్క వేలాడుతూ ఉండగా షాట్ మొదలుపెట్టేవాడిని. అది పడేదాకా కదిలేవాడిని కాదు. పడ్డ తర్వాత కూడా కదలకుండా, రెండో చుక్క రావడం లేదన్న సంగతి ప్రేక్షకుడు తనంతట తాను గ్రహించేదాకా పట్టుకుని, అప్పుడు డబ్బా పట్టుకున్న మనిషి ముఖానికి వెళ్లేవాడిని. మొత్తం పన్నెండు సెకన్లు చాలు. గంటా నలభై నిమిషాల సినిమాలో ఆ పన్నెండు సెకన్లు దొరకలేదంటే సమ్మెను తప్పుపట్టలేం.

ఇందులో గొప్పగా కుదిరిన భాగం కూడా ఒకటుంది. ఆస్ట్రియాలోని బ్రెగెంజ్‌లో సరస్సు మీద కట్టిన రంగస్థలంపై ‘టోస్కా’ ఆడుతుండగా, విలన్ ముఠా సభ్యులు ప్రేక్షకుల్లో చెల్లాచెదురుగా కూర్చుని చెవిలో పరికరాలతో రహస్య సమావేశం జరుపుకుంటారు. బాండ్ వాళ్ల మాటల్లోకి చొరబడగానే కంగారుపడి లేచినవాళ్లందరూ దొరికిపోతారు. మిస్టర్ వైట్ ఒక్కడే కదలకుండా కూర్చుని తప్పించుకుంటాడు. కూర్చున్న మనిషి గెలిచాడు, లేచినవాడు ఓడాడు. ఆ సీనులో కెమెరా కూడా కూర్చుంది, అందుకే మనకు గుర్తుండిపోయింది.

విశ్రాంత కాలువ ఉద్యోగి (ధవళేశ్వరం):

నేను సినిమాలు తక్కువగా చూసేవాడిని. మా అబ్బాయి ఈ చర్చ చూపించి, మీరు రాయవలసినది ఉందని అన్నందువల్ల ఆ చిత్రం తెలుగులో రాసిన మాటలతో చూసి ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా నీటిపారుదల పనిలో, ఎక్కువ కాలం మధ్య డెల్టాలో గడిపాను.

భూమి లోపలి నీటికి ఆనకట్ట వేసి నిలపడమన్నది పూర్తిగా అసాధ్యమని అనలేను. నేల కింది వాగుకు అడ్డుగోడ కట్టి నీటిని ఆపే చిన్న నిర్మాణాలు మన దేశంలోనూ ఉన్నాయి. కానీ సినిమాలో చూపినట్టు ఒక గుహలో కొలను నిలబెట్టి, ఒక దేశపు నీటిలో అరవై శాతం ఆపడానికి ఎంత గోడ, ఎంతమంది కూలీలు, ఎన్నేళ్లు కావాలో ఆలోచించండి. అంత పని రహస్యంగా జరగదు. నీటిని ఆపినవాడు నీటిని దాచలేడు. ఎగువన ఒక్క అంగుళం తగ్గినా దిగువన తెలిసిపోతుంది. లాకుల దగ్గర గోడ మీద గేజి ఉంటుంది, రోజూ పొద్దునే లస్కరు దాన్ని చూసి రాస్తాడు. గేజి అక్కర్లేని రైతులు కూడా ఉండేవారు. శివారు ఊరి పెద్దాయన ఒకరు వంతు వచ్చిన రాత్రి బోదె గట్టు మీద లాంతరు పెట్టుకుని కూర్చుని, నీటిలో ఎండుటాకు ఒకటి వేసి, అది ఎదుట ఉన్న తాటి మొద్దు దాటేదాకా మనసులో లెక్కపెట్టుకునేవారు. లెక్క పెరిగితే ఎగువన ఎవరో తూముకు అడ్డం వేశారని అర్థం. వెంటనే సైకిళ్లు బయలుదేరేవి. మేము వెళ్లి చూస్తే గోనె సంచుల్లో మట్టి నింపి కాలువలో దింపి ఉండేది, ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు.

నాకు సినిమాలో లేదనిపించింది ఈ మనిషే. నీళ్లు తగ్గుతున్నాయని మొదట కనిపెట్టేవాడు గూఢచారి కాదు, నీరు వాడుకునేవాడు. బొలీవియా ఎడారిలో ఊళ్లు ఎండిపోతుంటే, కనీసం ఒక్క ముసలాయన, ఒక్క పశువుల కాపరి తమ ఊట ఎప్పటి నుంచి తగ్గిందో బాండ్‌కు చెప్పి ఉండాలి. ఆ మాట పట్టుకుని బాండ్ ఆనకట్ట దగ్గరికి చేరి ఉంటే కథకు కాళ్లు వచ్చేవి. సినిమాలో ఆయన విమానం కూలి, పారాచూట్‌తో గోతిలో పడి, అక్కడ అనుకోకుండా నీటిని చూస్తాడు. అంత పెద్ద రహస్యం కాలు జారి పడితే దొరికింది.

రెండో సంగతి ఏమిటంటే, ఆ విలన్‌కు ఆనకట్ట అవసరమే లేదు. బొలీవియాలోనే కోచబాంబా అనే నగరంలో 1999లో నీటి సరఫరాను ప్రైవేటు సంస్థల కూటమికి అప్పగించారు. నీటి బిల్లులు ఒక్కసారిగా పెరిగాయి. జనం వీధుల్లోకి వచ్చారు, నగరం రోజుల తరబడి స్తంభించింది. 2000 ఏప్రిల్‌లో ఆ ఒప్పందాన్ని రద్దు చేయక తప్పలేదు. అక్కడ ఎవరూ రహస్యంగా గోడ కట్టలేదు, కాగితం మీద సంతకం పెట్టారు, అంతే. సినిమాలో నాకు నిజంగా చలి పుట్టించిన సీను కూడా సంతకం సీనే. అధికారం దక్కబోతున్న ఆ సైనికాధికారి ముందు గ్రీన్ కాగితం పెట్టి, ఇకపై నీటి సరఫరా తన సంస్థదేనని, ధర ఇంత అని, ఒప్పుకోకపోతే నీ స్థానంలో ఇంకొకడు వస్తాడని మెల్లగా చెబుతాడు. తుపాకీ పట్టిన మనిషి, కలం పట్టిన మనిషి ముందు చిన్నబోతాడు. ఆ గదిలోంచే ఈ కథ మొదలుపెట్టి ఉండవలసింది.

మీరు గన్నవరం అక్విడెక్టు పేరు ఎత్తారు కనుక ఒక మాట. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి, దాని కింద సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కాటన్ దొర 1852లో మొదటి ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి ఇక్కడి బతుకంతా తలుపులు ఎత్తడం, దించడం మీదే నడుస్తోంది. మీ దీవికి నీరు వచ్చే దారి ఆ అక్విడెక్టే. పాతది బలహీనపడిందని కొత్తది కట్టేదాకా మా ఉద్యోగులకు ఎంత గుబులు ఉండేదో ఇప్పటివారికి తెలియకపోవచ్చు. ఒక మనిషికి అంత నీటి మీద అధికారం దొరికితే ఏమవుతుందో మాకు సినిమా చెప్పక్కర్లేదు. కానీ చెప్పడానికి పూనుకున్నప్పుడు సరిగా చెప్పాలని కోరుకోవడం తగనిదేమీ కాదు. మీ చివరి ప్రశ్నకు ఇదే నా జవాబు.

కాకినాడ పాఠకురాలు:

పై ఇద్దరి మాటలూ గౌరవంతో చదివాను. అయినా నేను విభేదిస్తున్నాను. మీరు ముగ్గురూ ఈ సినిమాను నీటి కథగా చూస్తున్నారు. అది దుఃఖం కథ. ‘క్యాసినో రాయల్’ ముగిసిన గంటకే ఈ కథ మొదలవుతుంది. తాను ప్రేమించిన వెస్పర్‌ను పోగొట్టుకున్న మనిషి బాండ్, ఆమె తనను మోసం చేసిందా, ప్రేమించిందా అన్న ప్రశ్నకు జవాబు దొరకక, ఎదురైన ప్రతివాడినీ చంపుకుంటూ పోతున్నాడు. షాట్లు నిలబడకపోవడం ఆ మనిషి మనసు నిలబడకపోవడమే అని నేను అనుకున్నాను. అతనికి నిద్ర లేదు, మనకూ ఊపిరి సలపనివ్వరు. కమిల్ కూడా తన కుటుంబాన్ని చంపినవాడి కోసం తిరుగుతున్న మనిషే. బాండ్ చిత్రాల్లో మామూలుగా జరిగేదానికి భిన్నంగా వాళ్లిద్దరి మధ్య శారీరక సంబంధం ఉండదు. ఇద్దరు గాయపడినవాళ్లు కొంతదూరం కలిసి నడిచి విడిపోతారు.

ఈ సినిమా పేరు బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్ 1960లో వెలువరించిన కథల సంపుటిలోని ఒక చిన్న కథది. అందులో తుపాకీ పేలదు. ఒక విందు ముగిశాక గవర్నరు చెప్పిన ఒక దంపతుల కథను బాండ్ కూర్చుని వింటాడు, అంతే. మనుషుల మధ్య ఊరట ఇచ్చే గుణం ఒక్క రవ్వయినా మిగలకపోతే ఆ బంధం చచ్చిపోయినట్టేనన్నది అందులోని ఆలోచన. సినిమా కథకు దానితో సంబంధం లేదని అందరూ అంటారు. సంబంధం ఉంది. చివర రష్యాలోని కజాన్ నగరంలో, వెస్పర్‌ను వంచించినవాడు ఎదురుగా దొరికినా బాండ్ అతన్ని చంపడు. బయటికి వచ్చి ఆమె గొలుసును మంచులో వదిలేసి నడిచిపోతాడు. ఆ రవ్వంత ఊరట కోసమే అంత దూరం వచ్చాడు. నాకు ఆ ముగింపు చాలింది. మా చెల్లెలు చనిపోయిన ఏడాది ఈ సినిమా చూశాను కనుక నా తీర్పులో ఆ బరువు కూడా ఉందని ఒప్పుకుంటాను.

అయితే ఫీల్డ్స్ అనే ఆ యువ ఉద్యోగిని మరణం మాత్రం నేను క్షమించలేను. 1964 నాటి ‘గోల్డ్ ఫింగర్’లో ఒళ్లంతా బంగారు పూతతో చనిపోయిన అమ్మాయిని గుర్తు చేయడానికి, ఈమెను ఒళ్లంతా చమురుతో మంచం మీద పడుకోబెట్టారు. చమురు అన్న తప్పుడు జాడను బలపరచడానికి కథలో ఒక కారణం ఉండవచ్చు. ఆమెకు పది నిమిషాల జీవితం కూడా ఇవ్వకుండా పాత సినిమాకు నమస్కారం పెట్టడానికి వాడుకోవడం మాత్రం బాధాకరం.

శివారు ఆయకట్టు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంత ఓపికగా జవాబులు వస్తాయని అనుకోలేదు.

కాకినాడ నుంచి రాసిన అమ్మగారి మాట నన్ను ఆలోచింపజేసింది. మీ చెల్లెలి గారి విషయం చదివి బాధ కలిగింది. దుఃఖం కథగా చూసినప్పుడు కజాన్ సీను బరువు పెరుగుతుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ బాండ్ దుఃఖానికి ముగింపు దొరికింది, ఆ ఊరి దాహానికి దొరకలేదు. ఆనకట్ట ఏమైందో, ఆ నీరు మళ్లీ ఊళ్లకు పారిందో లేదో సినిమా ఒక్క మాట కూడా చెప్పదు. హోటలు తగలబడింది, విలన్ చచ్చాడు, గొలుసు మంచులో పడింది. కుళాయి అలాగే ఉండిపోయింది. రెండు కథలు ఎత్తుకుని ఒకదాన్ని మాత్రమే దించితే రెండోది మోసినవాళ్ల భుజాల మీదే మిగిలిపోతుంది కదా.

చమురు ప్రస్తావన వచ్చింది కనుక మా ఇంట్లో జరిగిన మాట ఒకటి చెప్పాలి. మాకు పాశర్లపూడి దూరం కాదు. 1995 జనవరిలో అక్కడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిళ్లు ఆ వెలుగు మా పెరట్లో కొబ్బరి చెట్ల నీడలు పరిచేదని నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. కాళ్ల కింద చమురూ గ్యాసూ ఉన్న నేల మీద, పైన కాలువ నీటి కోసం ఎదురుచూస్తూ బతికినవారు ఆయన. అందుకే సినిమాలో అందరూ చమురు చమురు అని వెతుకుతుంటే, గుహలో బాండ్ నీటిని కనుగొనక ముందే, “నీళ్లురా అది” అని ఆయన అన్నారు. ఎలా తెలిసిందని అడిగితే, ఆ ఎడారి మీద అంత ప్రేమ ఎవరికైనా నీటి కోసమే ఉంటుందని చెప్పారు. గూఢచార సంస్థలన్నీ చివరి అరగంటలో తెలుసుకున్నది, కట్టు పంచెతో కుర్చీలో కూర్చున్న మనిషి ముందే పట్టేశారు. ధవళేశ్వరం పెద్దాయన రాసిన ఎండుటాకు సంగతి చదివి వినిపించాను. ఆయన నవ్వి, తమ కాలంలో ఆకు కాదు, వడ్లగింజ వేసేవారని అన్నారు.

గ్రీన్ చావు గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు. బాండ్ అతన్ని నడి ఎడారిలో దింపి, చేతికి ఒక ఇంజిన్ ఆయిలు డబ్బా ఇచ్చి, ఎంత దూరం నడిచాక దీన్ని తాగాలనిపిస్తుందో చూద్దామన్నట్టు వదిలేసి వెళ్తాడు. తర్వాత తలలో తూటాలతో అతని శవం దొరికిందని, కడుపులో ఆ నూనె ఉందని బాండ్ పై అధికారి ఎం వచ్చి బాండ్‌కు చెబుతుంది. నీటిని దాచినవాడు చచ్చేముందు దాహంతో నూనె తాగాడు. ఇంత మంచి ఊహ తట్టిన వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ చూడండి, సినిమా మొత్తం మీద దాహం గురించి శ్రద్ధగా ఆలోచించింది అక్కడొక్క చోటే. అది కూడా విలన్ దాహం. దాన్ని కూడా చూపించలేదు, మాటల్లో చెప్పించారు.

ఎడిటింగ్ గది వారిని ఇంకొక్క సంగతి అడగాలని ఉంది. ఆ ఎడారి హోటలు సీన్లు చిలీలోని అటకామాలో, పారనల్ దగ్గర ఖగోళ శాస్త్రవేత్తలు ఉండే భవనం దగ్గర తీశారని చదివాను. ఒకప్పుడు బొలీవియాదే అయిన తీరం యుద్ధంలో చిలీకి పోయింది. అలాంటి చిలీ నేలను బొలీవియాగా చూపిస్తున్నారని కోపం వచ్చి, అక్కడి ఒక మేయర్ షూటింగు జరుగుతున్న చోటికి కారు నడుపుకుంటూ దూసుకొచ్చాడట. ప్రపంచంలోనే అతి పొడి నేలల్లో ఒకటైన చోట, సొంత ఊరి గురించి అంత పట్టింపు ఉన్న జనం మధ్య వారాల తరబడి ఉండి కూడా, వాళ్లలో ఒక్కరి ముఖం మీద కెమెరా ఎందుకు ఆగలేదు? బడ్జెట్ 20 కోట్ల డాలర్లకు పైనే. డబ్బు చాలక కాదు.

ఎడిటింగ్ గది:

నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను. మా బల్ల మీదికి వచ్చినదాంట్లోంచే మేము ఏరుకోగలం. అలాంటి ముఖాలు తీసి పక్కన పెట్టారో, అసలు తీయనే లేదో బయటినుంచి చెప్పడం తప్పు. కానీ కాగితం మీద ఆ ఊరి మనిషికి పేరు లేకపోతే, సెట్లో అతన్ని వెనక వరసలో నిలబెడతారు. వెనక వరసలో ఉన్న ముఖానికి ఫోకస్ ఉండదు. ఫోకస్ లేని ముఖాన్ని పన్నెండు సెకన్లు పట్టుకోలేం. నిన్న నేను రాసిన కుళాయి షాట్ గురించి మళ్లీ ఆలోచిస్తే, తప్పంతా కత్తెరది అన్న నా మాట కొంత తొందరపాటు. ధవళేశ్వరం పెద్దాయన చెప్పిన ఆ రైతు స్క్రిప్టులో ఉండి ఉండాలి. సమ్మె దెబ్బ తగిలింది అక్కడేనేమో. పోరాటాలను నటుడు, దర్శకుడు కలిసి పూర్తి చేసుకోగలరు. అక్కడ లేని మనిషిని పుట్టించడానికి మాత్రం రాసేవాడు కావాలి.

విశ్రాంత కాలువ ఉద్యోగి:

వడ్లగింజ మాట నిజమే. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. వడ్లగింజ పొల్లుదైతేనే తేలుతుంది, గట్టి గింజ మునిగిపోతుంది, కనుక జేబులో నాలుగు పొల్లు గింజలు వేసుకుని వచ్చేవారు. ఆయనకు అది గుర్తుందేమో అడగండి.

శివారు ఆయకట్టు:

అడిగాను. గుర్తుందన్నారు. పొల్లు గింజలు కాలువ గట్టు మీదే ఏరుకునేవారమని, జేబులో వేసుకోవలసిన పని లేదని చెప్పమన్నారు. ఈ ఆదివారం ఆయన ‘క్యాసినో రాయల్’ చూస్తానన్నారు. కాకినాడ అమ్మగారు రాసిన వెస్పర్ ఎవరో తెలియాలట.